డాప్లర్ రాడార్‌తో టోర్నడో గాలి వేగాన్ని ఎలా కొలుస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో టోర్నడో వచ్చిందన్న వార్తతో పాటు గంటకు 400, 500 కిలోమీటర్ల గాలి అన్న మాట కూడా వస్తుంది. అది దేని వేగం, నేలకు ఎంత ఎత్తున, ఎంతసేపు, ఏ దిక్కు నుంచి చూస్తే కనిపించిన వేగం అన్న వివరాలు మాత్రం వార్తలో ఉండవు. ఆ నాలుగూ తెలియకుండా చెప్పిన వేగం సగం మాటే అవుతుంది. మిగతా సగాన్ని పూరించడానికే ఈ జవాబులు రాశాను.

టోర్నడో దారిలో ఒక ఎనిమోమీటర్ (గాలి వేగాన్ని కొలిచే పరికరం) పెట్టి కొలవలేమా?

టోర్నడో ఏ పొలంలో నేలను తాకుతుందో ముందుగా చెప్పడం సాధ్యం కాదు. తాకినా దాని వెడల్పు చాలాసార్లు వంద, రెండు వందల మీటర్లకు మించదు, ఆయుష్షు కొన్ని నిమిషాలే. వాతావరణ కేంద్రాల మధ్య పదుల కిలోమీటర్ల దూరం ఉంటుంది కాబట్టి, సరిగ్గా ఒక కేంద్రం మీదుగానే అది పోవడం చాలా అరుదు. అలా పోయిన సందర్భంలో కూడా, గాలి గరిష్ఠ వేగానికి చేరేలోపే ఎగిరివచ్చే రేకులు, దూలాలు, చెట్ల కొమ్మలు పరికరాన్ని విరగ్గొడతాయి.

దారిలో పరికరాలు ఉంచే ప్రయత్నం ధైర్యవంతులు కొందరు చేశారు. 2003 జూన్ 24న సౌత్ డకోటాలోని మాంచెస్టర్ అనే చిన్న ఊరి దగ్గర టోర్నడో పరిశోధకుడు టిమ్ సమారాస్ నేలమీద ఉంచిన, శంకువు ఆకారంలో చదునుగా ఉండే పరికరం మీదుగా టోర్నడో వెళ్లింది. గాలి పీడనం 100 మిల్లీబార్లు పడిపోయినట్లు ఆ పరికరం నమోదు చేసింది. అది అమూల్యమైన కొలతే కానీ, ఒకే చోట, కొద్ది క్షణాలపాటు దొరికినది. నేలమీది పరికరంతో కొలిచిన అత్యధిక గాలి వేగం రికార్డు టోర్నడోది కాకపోవడం కూడా ఇందువల్లే. 1996 ఏప్రిల్ 10న ఒలీవియా తుఫాను సమయంలో ఆస్ట్రేలియాలోని బారో దీవిలో నమోదైన గంటకు 408 కిలోమీటర్ల వేగమే ఇప్పటికీ ఆ రికార్డు.

రాడార్ రాకముందు టోర్నడో వేగం గురించి ఏమనుకునేవారు?

ఎక్కువగా ఊహించేవారు. గడ్డిపరకలు కర్రలో గుచ్చుకోవడం, బరువైన వస్తువులు దూరాన పడడం చూసి, గాలి గంటకు 500 మైళ్లు ఉంటుందని కొందరు, ధ్వని వేగాన్ని కూడా అందుకుంటుందని మరికొందరు లెక్కలు వేశారు. 1957 ఏప్రిల్ 2న డాలస్ నగరంలో వచ్చిన టోర్నడోను చాలామంది సినిమా కెమెరాలతో తీశారు. ఆ ఫిల్ములో దుమ్ము, శకలాలు ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు ఎంత జరిగాయో కొలిచి, గరిష్ఠ వేగం గంటకు సుమారు 170 మైళ్లని తేల్చారు. వేగాల మీద ఉన్న అతిశయోక్తి తగ్గడం అక్కడ మొదలైంది, రాడార్ ఆ పనిని కొనసాగించింది. రాడార్ వచ్చాక టోర్నడో వేగాలు పెరిగాయని చాలామంది అనుకుంటారు కానీ, మొదట జరిగింది దానికి తలకిందులు.

గాలి కంటికి కనిపించదు కదా, రాడార్‌కు ఎలా కనిపిస్తుంది?

రాడార్‌కు కూడా గాలి నేరుగా కనిపించదు. గాలి మోసుకుపోతున్న వాన చినుకులు, వడగళ్లు, దుమ్ము, ఇళ్ల శకలాల నుంచి రేడియో తరంగాలు తిరిగివస్తాయి, రాడార్ కొలిచేది వాటి వేగాన్నే. చినుకు గాలితో పాటే కొట్టుకుపోతుంది కనుక చినుకు వేగాన్ని గాలి వేగంగా తీసుకుంటాం. సాధారణ గాలివానలో ఇది చాలా మంచి అంచనా. టోర్నడో గర్భంలో అంత మంచి అంచనా కాదు, ఆ సంగతికి కింద మళ్లీ వస్తాను.

డాప్లర్ సూత్రం ఇక్కడ ఎలా పనిచేస్తుంది?

రైలు గేటు దగ్గర నిలబడినప్పుడు, దూసుకువచ్చే రైలు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది. వచ్చే వస్తువు నుంచి తరంగాలు దగ్గర దగ్గరగా, పోయే వస్తువు నుంచి దూరం దూరంగా మన చెవిని చేరడమే అందుకు కారణం. ఈ సూత్రాన్ని 1842లో క్రిస్టియన్ డాప్లర్ ప్రతిపాదించారు.

రాడార్ విషయంలో ఇబ్బంది ఏమిటంటే, ఈ తేడా అతి స్వల్పం. అమెరికా వాతావరణ రాడార్ల తరంగదైర్ఘ్యం దాదాపు 10 సెంటీమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 300 కోట్ల కంపనాలు. సెకనుకు 50 మీటర్ల వేగంతో ఎదురుగా వచ్చే చినుకు వల్ల అందులో వచ్చే మార్పు కేవలం 1000 కంపనాలు. 30 లక్షలకు ఒకటి తేడా అన్నమాట. అంత చిన్న తేడాను ఒకే స్పందంలో, అంటే రాడార్ ఒక్కసారి పంపే చిన్న తరంగాల గుంపులో, పట్టడం కష్టం కాబట్టి, వరుస స్పందాల మధ్య తరంగ దశ (తిరిగివచ్చిన తరంగం తన చుట్టులో ఏ చోట ఉందన్నది) ఎంత మారిందో చూస్తారు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. రాడార్ సెకనుకు 1000 స్పందాలు పంపుతోందనుకోండి. చినుకు సెకనుకు 10 మీటర్ల వేగంతో రాడార్ వైపు వస్తుంటే, ఒక స్పందానికీ తర్వాతి స్పందానికీ మధ్య అది ఒక సెంటీమీటరు ముందుకు జరుగుతుంది. తరంగం వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి దాని ప్రయాణం 2 సెంటీమీటర్లు తగ్గుతుంది. 10 సెంటీమీటర్ల తరంగంలో 2 సెంటీమీటర్లంటే అయిదో వంతు చుట్టు, 72 డిగ్రీలు. ఆ 72 డిగ్రీల నుంచి వెనక్కి లెక్కవేసి, వేగం సెకనుకు 10 మీటర్లని రాడార్ చెబుతుంది. కొన్ని కిలోమీటర్ల నుంచి వంద కిలోమీటర్ల పైదాకా దూరంలో ఉన్న చినుకు సెకనులో వెయ్యో వంతు కాలంలో ఒక సెంటీమీటరు జరిగిన సంగతిని పట్టే ఈ పద్ధతిని చూసి నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతూనే ఉంటాను.

రాడార్‌కు అడ్డంగా వీచే గాలి సంగతి ఏమిటి?

అది కనిపించదు. డాప్లర్ రాడార్ కొలిచేది తన వైపు వచ్చే వేగాన్ని, లేదా తన నుంచి దూరంగా పోయే వేగాన్ని మాత్రమే. రాడార్ పంపే తరంగాల పుంజానికి సరిగ్గా అడ్డంగా ఎంత గాలి వీచినా కొలత సున్నాయే.

టోర్నడోలో గాలి గుండ్రంగా తిరుగుతుంది కనుక, రాడార్ ఎక్కడున్నా సుడికి ఒక పక్క గాలి తనవైపు వస్తుంది, మరో పక్క తన నుంచి పోతుంది. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వం తాడు ఒక కొస దగ్గరకు వస్తే రెండో కొస దూరం పోయినట్టు అన్నమాట. అందువల్ల భ్రమణ వేగం చాలావరకు దొరుకుతుంది. కానీ టోర్నడో తిరుగుతూనే ముందుకు కూడా సాగుతుంది. భ్రమణ వేగం సెకనుకు 80 మీటర్లు, ముందుకు సాగే వేగం 20 మీటర్లు అనుకుంటే, అపసవ్య దిశలో తిరిగే టోర్నడోలో దారికి కుడిపక్క నేలకు సాపేక్షంగా 100 మీటర్ల గాలి, ఎడమపక్క 60 మీటర్ల గాలి ఉంటాయి. టోర్నడో తూర్పుకు పోతుంటే ఆ 100 మీటర్ల గాలి దక్షిణపు అంచున తూర్పుకు వీస్తుంది. ఉత్తరాన నిలిచిన రాడార్‌కు అది పూర్తిగా అడ్డగాలి, కొలతకు అందదు. తూర్పునో పడమరనో ఉన్న రాడార్‌కే అది పూర్తిగా అందుతుంది. తూర్పున నిలవడమంటే టోర్నడోకు ఎదురు నిలవడమే. మంచి కొలత దొరికే చోటూ ప్రాణాపాయం ఉన్న చోటూ ఒకటే కావడం ఈ రంగంలోని వారిని నిత్యం వెంటాడే సమస్య. రెండు రాడార్లను వేర్వేరు దిక్కుల్లో నిలిపి, ఒకేసారి చూసి, రెండు కొలతల నుంచి పూర్తి గాలిని రాబట్టే పద్ధతి ఉంది కానీ, కదిలే టోర్నడో చుట్టూ రెండు వాహనాలను సరైన కోణంలో నిలపడం ప్రతిసారీ కుదరదు.

డాలస్‌లో, ఓక్లహోమాలో ఉన్న మా వాళ్లు ఫోనులో ఎరుపు, ఆకుపచ్చ పటం చూస్తుంటారు. దానిని ఎలా చదవాలి?

రాడార్ యాప్‌లలో సాధారణంగా రెండు పటాలు ఉంటాయి. వాన తీవ్రతను చూపే పటం ఒకటి, వేగాన్ని చూపే పటం మరొకటి. వేగం పటంలో వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం ఆకుపచ్చ అంటే రాడార్ వైపు వచ్చే గాలి, ఎరుపు అంటే రాడార్ నుంచి దూరంగా పోయే గాలి. ఎరుపు ఉన్నంత మాత్రాన ప్రమాదం అని కాదు. ముదురు ఆకుపచ్చ, ముదురు ఎరుపు ఒకదాన్నొకటి ఆనుకుని చిన్న జంటగా కనిపిస్తే, అక్కడ గాలి గట్టిగా సుడి తిరుగుతోందని అర్థం. రాడార్ ఎక్కడుందో తెలియకుండా ఈ పటం చదవడం కుదరదు కాబట్టి ముందు దాన్ని వెతకాలి.

మూడో పటం కూడా ఒకటుంది. 2013 నాటికి అమెరికా జాతీయ రాడార్లన్నిటికీ ద్వంద్వ ధ్రువణ సామర్థ్యం వచ్చింది, అంటే అవి అడ్డంగానూ నిలువుగానూ కంపించే తరంగాలను పంపి, తిరిగివచ్చిన రెంటికీ ఎంత పొంతన ఉందో చూస్తాయి. వాన చినుకులన్నీ ఒకే తీరుగా ఉంటాయి కనుక ఆ పొంతన విలువ ఒకటికి చాలా దగ్గరగా ఉంటుంది. చెక్కలు, ఆకులు, ఇంటికప్పు ముక్కలు రకరకాల ఆకారాల్లో దొర్లుతూ తిరుగుతాయి కనుక విలువ 0.8 కంటే కిందికి పడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ జంట ఉన్నచోటే ఈ విలువ కూడా పడిపోతే, టోర్నడో నేలను తాకి శకలాలను పైకి లేపుతోందని దాదాపు ఖాయం. అప్పటికే ఎవరి ఇల్లో కూలి ఉండవచ్చు. కాబట్టి ఆ గుర్తు కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, హెచ్చరిక రాగానే అడుగు అంతస్తులో కిటికీలు లేని లోపలి గదిలోకి వెళ్లాలి.

డాప్లర్ రాడార్‌తో టోర్నడో వేగాన్ని మొట్టమొదట ఎప్పుడు కొలిచారు?

1958 జూన్ 10న. కాన్సస్ రాష్ట్రంలోని ఎల్ డొరాడో పట్టణాన్ని టోర్నడో తాకినప్పుడు, విచిటాలో ఉన్న అమెరికా వెదర్ బ్యూరో వారి 3 సెంటీమీటర్ల రాడార్ గంటకు 206 మైళ్ల వేగాన్ని చూపింది. అది నిరంతరాయంగా తరంగాలను పంపే రకం కావడంతో వేగం తెలిసింది కానీ, ఆ వేగం ఎంత దూరంలో ఉన్నదో తెలియలేదు.

1973 మే 24న ఓక్లహోమాలోని యూనియన్ సిటీ టోర్నడోను నార్మన్‌లోని జాతీయ తీవ్ర తుఫానుల ప్రయోగశాల రాడార్ ఆద్యంతం చూసింది. ఆ రికార్డులను తర్వాత పరిశీలించినప్పుడు, పక్కపక్కనే ఉన్న రెండు కొలతల మధ్య వేగం ఒక్కసారిగా మారిపోయే చోటు ఒకటి కనిపించింది. టోర్నడో నేలను తాకకముందే మేఘంలో ఎత్తున ఆ గుర్తు ఏర్పడింది. 1990 దశకంలో దేశమంతటా నెలకొల్పిన రాడార్ల వ్యవస్థకు ఆ పరిశీలన ఒక పునాది. 1991 ఏప్రిల్ 26న వాతావరణ శాస్త్రవేత్త హోవర్డ్ బ్లూస్టైన్ బృందం వ్యానులో తీసుకెళ్లిన చిన్న రాడార్‌ను ఓక్లహోమాలోని రెడ్ రాక్ టోర్నడో వైపు తిప్పి, గంటకు సుమారు 270 మైళ్ల వేగాన్ని కొలిచింది.

దేశమంతా రాడార్లు ఉండగా, ట్రక్కు మీద రాడార్ ఎక్కించుకుని వెంటపడటం ఎందుకు?

పుంజం దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది, నేల నుంచి పైకి లేస్తుంది. కారణం ఆ రెండే, కానీ వాటి ప్రభావం చాలా పెద్దది.

అమెరికాలో దాదాపు 160 జాతీయ రాడార్లు ఉన్నాయి. ఒక్కొక్కదానిలో తరంగాలను పంపి అందుకునే పళ్లెం వ్యాసం ఎనిమిదిన్నర మీటర్లు, పుంజం వెడల్పు సుమారు ఒక డిగ్రీ. వంద కిలోమీటర్ల దూరంలో ఆ ఒక డిగ్రీ 1.7 కిలోమీటర్లంత అవుతుంది. 200 మీటర్ల టోర్నడో మొత్తం ఆ పుంజంలో ఒక మూలన ఇమిడిపోతుంది, రాడార్ చెప్పే వేగం ఆ 1.7 కిలోమీటర్లలో ఉన్న అన్ని గాలుల కలగలుపు. ముంతెడు పాలలో చెంచాడు కషాయం కలిపి రుచి చూసి, కషాయం చేదు ఎంతో చెప్పమన్నట్టు ఉంటుంది. పైగా అర డిగ్రీ కోణంలో పంపిన పుంజం, భూమి వంపును కూడా లెక్కలోకి తీసుకుంటే, వంద కిలోమీటర్ల దగ్గర నేలకు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఇళ్లను కూల్చే గాలి దాని కిందనే పోతుంది. మేఘం మొత్తాన్ని అన్ని కోణాల్లో చుట్టి చూడడానికి ఈ రాడార్లకు నాలుగైదు నిమిషాలు పడుతుంది, కొన్ని టోర్నడోల ఆయుష్షే అంత ఉండదు. హెచ్చరిక ఇవ్వడానికి ఈ వ్యవస్థకు మించినది లేదు. టోర్నడో లోపలి గరిష్ఠ వేగం కొలవడం మాత్రం దాని పని కాదు.

వాతావరణ శాస్త్రవేత్త జాషువా వర్మన్ 1995లో ఈ పనికోసమే ట్రక్కు మీద డాప్లర్ రాడార్‌ను అమర్చారు. ఆ ట్రక్కుల పళ్లెం రెండున్నర మీటర్లలోపే, తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లు. తరంగం చిన్నది కాబట్టి చిన్న పళ్లెంతోనే ఒక డిగ్రీకి కాస్త తక్కువ పుంజం వస్తుంది, మూడు కిలోమీటర్ల దూరంలో దాని వెడల్పు 50 మీటర్లు మాత్రమే. ట్రక్కు తుఫాను దగ్గరికి వెళ్లి, రోడ్డు పక్కన ఆగి, ఊగకుండా కాళ్లు దించుకుని, చెట్లూ ఇళ్లూ అడ్డులేని దిక్కుకు పళ్లెం తిప్పుతుంది. ఓక్లహోమా విశ్వవిద్యాలయం వారి రాక్స్‌పోల్ అనే ట్రక్కు రాడార్ పళ్లెం రెండు సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. అంత త్వరగా తిరిగితే తప్ప, సుడిలో పుట్టి కొద్ది సెకన్లలో మాయమయ్యే చిన్న సుడులు పటంలోకి ఎక్కవు.

కొన్నిసార్లు రాడార్ తప్పు వేగం, వ్యతిరేక దిక్కు కూడా చూపుతుందంటారు. నిజమేనా?

నిజమే, అయితే దాన్ని సరిదిద్దే దారులు ఉన్నాయి. పై ఉదాహరణలో చినుకు ఒక సెంటీమీటరు జరిగితే దశ 72 డిగ్రీలు మారింది. రెండున్నర సెంటీమీటర్లు జరిగితే 180 డిగ్రీలు మారుతుంది. అక్కడి నుంచి తరంగం ముందుకు సగం తిరిగిందా, వెనక్కి సగం తిరిగిందా తేల్చలేము. సినిమాలో రథచక్రం కొన్నిసార్లు వెనక్కి తిరుగుతున్నట్లు కనిపించడానికీ ఇదే కారణం. సెకనుకు 1000 స్పందాలు పంపే 10 సెంటీమీటర్ల రాడార్‌కు ఈ హద్దు సెకనుకు 25 మీటర్లు. దీన్ని నైక్విస్ట్ హద్దు అంటారు.

స్పందాలు ఇంకా త్వరగా పంపవచ్చు కదా అని అడగవచ్చు. పంపితే దూరం తగ్గిపోతుంది. ఒక స్పందం వెళ్లి తిరిగి వచ్చేలోపు మరొకటి బయలుదేరితే, వచ్చిన ప్రతిధ్వని దేనిదో తెలియదు. సెకనుకు 1000 స్పందాలైతే 150 కిలోమీటర్ల దాకా, 2000 అయితే 75 కిలోమీటర్ల దాకానే అనుమానం లేకుండా చూడగలం. వేగం హద్దును పెంచితే దూరం హద్దు తగ్గుతుంది, దూరం పెంచితే వేగం తగ్గుతుంది. ఇది ఇంజనీర్ల లోపం కాదు, కాంతి వేగం పెట్టిన నియమం.

3 సెంటీమీటర్ల ట్రక్కు రాడార్‌కు సెకనుకు 2000 స్పందాల దగ్గర హద్దు 15 మీటర్లు మాత్రమే, కొలత ప్రతి 30 మీటర్లకు ఒక చుట్టు తిరిగి మొదటికి వస్తుంది. నిజంగా 130 మీటర్ల వేగం ఉంటే నాలుగు చుట్లు పోగా 10 అని చూపుతుంది. వెంటనే సెకనుకు 1500 స్పందాలతో మళ్లీ చూస్తే చుట్టు 22.5 మీటర్లది అవుతుంది కాబట్టి, అదే గాలి ఈసారి మైనస్ 5గా కనిపిస్తుంది. మొదటి కొలత ప్రకారం అసలు వేగం 10, 40, 70, 100, 130లలో ఏదైనా కావచ్చు. రెండో కొలత ప్రకారం 17.5, 40, 62.5, 85, 107.5, 130లలో ఏదైనా కావచ్చు. రెంటికీ ఉమ్మడిగా మిగిలేవి 40, 130. వాటిలో ఏది సరైనదో పక్కనున్న కొలతలు చెబుతాయి. సుడి అంచు నుంచి లోపలికి వేగం 60, 80, 105 అంటూ ఎక్కుతూ వచ్చిందంటే ఇక్కడ ఉన్నది 130 తప్ప 40 కాదు. ఈ విడదీతను చాలాసార్లు మనిషి కూర్చుని, ఒక్కొక్క గడినీ చూసుకుంటూ చేస్తారు. ఒక టోర్నడో తుది లెక్క రావడానికి నెలలు, సంవత్సరాలు పట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

శకలాల వల్ల కొలత పాడవుతుందా?

అవుతుంది, అందునా నేలకు దగ్గరగా. కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు చేటలోంచి ఒకే ఎత్తు నుంచి ఒకే గాలిలో జారవిడిచినా, పొట్టు గాలితో పోతుంది, గింజ దాదాపు నిలువునా పడుతుంది. బరువైనది గాలి మాట వినదు. టోర్నడోలో కూడా చిన్న చినుకు గాలి వేగాన్ని అందుకుంటుంది కానీ, ఇటుక ముక్క, కొయ్య దుంగ గాలి కన్నా నెమ్మదిగా తిరుగుతూ బయటికి విసిరేయబడతాయి.

ఇందులో మరో చిక్కు ఉంది. తరంగదైర్ఘ్యంతో పోలిస్తే చిన్నవైన చినుకుల విషయంలో, వ్యాసం రెట్టింపైతే తిరిగివచ్చే శక్తి 64 రెట్లవుతుంది. కాబట్టి రాడార్ కొలత చిన్న వాటికన్నా పెద్ద వాటి వైపే మొగ్గుతుంది, అంటే గాలి మాట వినని వాటి వైపు. అందువల్ల శకలాలు నిండిన చోట రాడార్ చూపే వేగం అసలు గాలి వేగం కంటే తక్కువగా ఉండే అవకాశమే ఎక్కువ. పెద్ద అంకె చూసినప్పుడు రాడార్ ఎక్కువ చెప్పిందేమో అన్న అనుమానం రావడం సహజమే కానీ, పుంజం విస్తరణ, శకలాల బరువు, చూసే కోణం, ఈ మూడూ వేగాన్ని తగ్గించి చూపే దోషాలే.

1999 నాటి మూర్ టోర్నడో వేగం 301 మైళ్లా, 318 మైళ్లా, 321 మైళ్లా?

మూడూ ఒకే ట్రక్కు రాడార్ కొలతల నుంచి వచ్చినవే. 1999 మే 3న ఓక్లహోమాలోని బ్రిడ్జ్ క్రీక్, మూర్ పట్టణాల మీదుగా పోయిన టోర్నడో 36 మందిని బలిగొంది. మొదట ప్రకటించిన వేగం గంటకు 318 మైళ్లు. తర్వాత జాగ్రత్తగా విశ్లేషించి, 20 మైళ్లు అటూ ఇటూగా 301 మైళ్లని ప్రచురించారు. 2021లో మెరుగైన పద్ధతులతో మళ్లీ పరిశీలించినప్పుడు 321 మైళ్లు, అంటే గంటకు సుమారు 517 కిలోమీటర్లని తేలింది.

అంకె మారింది కాబట్టి శాస్త్రజ్ఞులకే తెలియదని కొట్టిపారేయడం న్యాయం కాదు. "20 మైళ్లు అటూ ఇటూగా" అన్న మాటను విడిచిపెట్టి 301 అని మాత్రమే రాసిన వార్తలదే ఇక్కడ పొరపాటు. ఆ మాటను చేర్చి చదివితే 318 పూర్తిగా ఆ పరిధిలో ఉంటుంది, 321 దాని సరిహద్దున నిలుస్తుంది. ఈ వేగం కూడా నేలకు కొన్ని పదుల మీటర్ల ఎత్తున, అతి చిన్న భాగంలో, క్షణకాలం ఉన్నదే. మూర్‌లో కూలిన ప్రతి ఇంటి మీదా 321 మైళ్ల గాలి వీచలేదు.

2013లో ఎల్ రెనో టోర్నడోలో 300 మైళ్ల గాలి ఉందని రాడార్ చెప్పినా, ఈఎఫ్‌3 అని ఎందుకు నిర్ణయించారు?

ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగేది దీని మీదనే. టోర్నడోలను తరగతులుగా విభజించడానికి వాతావరణ శాస్త్రవేత్త టెడ్ ఫుజిటా 1971లో ప్రతిపాదించిన కొలమానం గానీ, 2007 ఫిబ్రవరి 1 నుంచి అమెరికాలో వాడుతున్న దాని సవరించిన రూపం ఈఎఫ్ గానీ, గాలిని నేరుగా కొలవవు. 28 రకాల కట్టడాలు, చెట్లు ఏ మేరకు దెబ్బతిన్నాయో చూసి, అంత నష్టానికి ఎంత గాలి కావాలో అంచనా వేస్తాయి. ఆ అంచనా నేలకు 10 మీటర్ల ఎత్తున మూడు సెకన్ల గాలికి సంబంధించినది. గంటకు 200 మైళ్లు దాటితే అన్నిటికన్నా పై తరగతి ఈఎఫ్‌5.

2013 మే 31న ఎల్ రెనో దగ్గర వచ్చిన టోర్నడో వెడల్పు ఒక దశలో 2.6 మైళ్లు, అంటే 4 కిలోమీటర్ల పైచిలుకు. ఇప్పటిదాకా నమోదైన వాటిలో అదే అతి వెడల్పైనది. దాని లోపల తిరిగే చిన్న సుడుల్లో గంటకు 300 మైళ్ల ప్రాంతపు వేగాన్ని రాక్స్‌పోల్ చూసింది. కానీ ఆ సుడులు తిరిగింది గోధుమ పొలాల్లో, మట్టిరోడ్ల మీద. 300 మైళ్ల గాలికి సాక్ష్యం చెప్పగల గట్టి కట్టడం అక్కడ లేదు. రాడార్ కొలతను బట్టి మొదట ఈఎఫ్‌5 అని ప్రకటించి, నష్టాన్ని బట్టే తరగతి నిర్ణయించాలన్న నియమం ప్రకారం అదే సంవత్సరం ఈఎఫ్‌3కి మార్చారు. మాంచెస్టర్‌లో టోర్నడో దారిలో పరికరం ఉంచిన టిమ్ సమారాస్, ఆయన కుమారుడు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ ఈ టోర్నడోలోనే ప్రాణాలు కోల్పోయారు. ఈఎఫ్‌3 అన్న మాట విని దాన్ని ఓ మోస్తరు టోర్నడోగా ఎవరూ అనుకోకూడదు.

నా అభిప్రాయం అడిగితే, తరగతి మార్చడం నియమప్రకారం సరైనదే. కొద్ది టోర్నడోల దగ్గర మాత్రమే ట్రక్కు రాడార్ ఉంటుంది కాబట్టి, వాటిని ఒక కొలతతో, మిగతా వేలాది టోర్నడోలను మరో కొలతతో తూచితే పాత రికార్డులతో పోలిక చెడిపోతుంది. అయితే రాడార్ వేగాన్ని తరగతి పక్కనే విడిగా నమోదు చేయాలి, ప్రజలకు రెండూ చెప్పాలి. 2024 మే 21న అయోవాలోని గ్రీన్‌ఫీల్డ్‌లో ట్రక్కు రాడార్ 309 నుంచి 318 మైళ్ల వేగం కొలిచినా తరగతి ఈఎఫ్‌4 గానే నిలిచింది. ట్రక్కు రాడార్లు సంవత్సరాలుగా సేకరించిన కొలతలను 2021లో వర్మన్ బృందం కలిపి చూసినప్పుడు, నష్టాన్ని బట్టి ఇచ్చే తరగతి అసలు గాలి కంటే సగటున ఒక తరగతికి పైగా తక్కువగా ఉంటోందని తేలింది. ఊళ్లు పలుచగా, పొలాలు విస్తారంగా ఉన్న నేల మీద అలా కాక మరెలా ఉంటుంది? 2013 మే 20 నాటి మూర్ టోర్నడో తర్వాత 12 ఏళ్లపాటు ఒక్క ఈఎఫ్‌5 కూడా నమోదు కాలేదు. 2025 జూన్ 20న నార్త్ డకోటాలోని ఎండర్లిన్ దగ్గర రైలు వ్యాగన్లను విసిరేసిన టోర్నడోకు ఆ తరగతి దక్కింది, అదీ ఆ వ్యాగన్లు అక్కడ ఉండబట్టి.

మైళ్లు, నాట్లు, మీటర్లు కలగాపులగంగా కనిపిస్తాయి. ఎలా మార్చుకోవాలి?

సెకనుకు మీటర్లను 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. మైళ్లను 1.61తోనూ, నాట్లను 1.85తోనూ గుణించాలి.

మన రాష్ట్రాల్లోని రాడార్లు టోర్నడోను పట్టగలవా?

హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నాలలో భారత వాతావరణ విభాగం వారి డాప్లర్ రాడార్లు ఉన్నాయి. అవి 10 సెంటీమీటర్ల రకానివి. తుఫాను కన్ను ఎక్కడుందో, వాన ఎటు కదులుతోందో చూడడమే వాటి ముఖ్యమైన పని, ఆ పనిలో అవి ఎంతో మేలు చేస్తున్నాయి. టోర్నడో విషయంలో పుంజం విస్తరణ, ఎత్తు అనే పై రెండు పరిమితులూ వాటికీ వర్తిస్తాయి.

2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవుల్లో వేల సంఖ్యలో చెట్లు నేలకూలాయి. అది టోర్నడోనా, లేక మేఘం నుంచి ఒక్కసారిగా కిందికి దిగి నలువైపులా విరజిమ్మిన గాలా అన్న చర్చ అప్పట్లో జరిగింది. హైదరాబాద్ నుంచి ఆ అడవి తిన్నని గీతలో 200 కిలోమీటర్లు దాటి ఉంటుంది, మచిలీపట్నం నుంచి ఇంకా దూరం. అర డిగ్రీ కోణంలో బయలుదేరిన పుంజం 213 కిలోమీటర్ల దగ్గర నేలకు నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, దాని వెడల్పు మూడున్నర కిలోమీటర్లు దాటుతుంది. చెట్ల తలల మీద ఏ గాలి వీచిందో అంత ఎత్తు నుంచి చూసి చెప్పడం సాధ్యం కాదు. మేఘం ఎంత బలమైనదో మాత్రం తెలుస్తుంది.

అటువంటి చోట సాక్ష్యం నేలమీదనే వెతకాలి. టోర్నడో అయితే చెట్లు ఒక సన్నని దారి వెంట, దాని మధ్యగీత వైపు తలలు వాల్చి, మెలితిరిగినట్లు పడతాయి. కిందికి దిగిన గాలి అయితే ఒక చోటు నుంచి బయటికి, విసనకర్ర ఆకుల్లా విచ్చుకుని పడతాయి. ఫుజిటా విమానం నుంచి పొలాలనూ అడవులనూ ఫోటోలు తీసి ఈ తేడాను గుర్తుపట్టేవారు. ఇప్పుడు ఆ పని డ్రోన్‌తో, ఉపగ్రహ చిత్రాలతో చేయవచ్చు. ఒక్కటే షరతు, పడిన చెట్లను తొలగించకముందే ఒక్కొక్క మొదలు ఎటు చూస్తోందో, తల ఎటు చూస్తోందో రాసుకోవాలి.